సర్వే అబ్బాయిని గేటు లోపలికి రానిచ్చాను, తప్పు చేశానా?

కాడుగోడి_కడపక్క | 20 మార్చి 2024

అందరికీ నమస్తే. మాది వైట్‌ఫీల్డ్ దగ్గర మూడు టవర్ల అపార్ట్‌మెంట్. మొన్న నీళ్ల ట్యాంకర్ వచ్చిందో లేదో చూద్దామని గేటు దగ్గరికి వెళ్లా. ఈ నెలంతా నా ఉద్యోగం అదే. అక్కడ ఒక అబ్బాయి, మెడలో కార్డు, చేతిలో ట్యాబ్, సెక్యూరిటీని బతిమాలుకుంటున్నాడు. రావడం అది మూడోసారంట. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ తరఫున ఇంటి ఖర్చుల సర్వే, మీ అపార్ట్‌మెంట్ ఎంపికైంది, ఒక్కసారి సెక్రటరీతో మాట్లాడించండి అంటాడు. సెక్యూరిటీ ఏమో యాప్‌లో ఫ్లాట్ నంబర్ చెప్పు అంటాడు. ఆ అబ్బాయికి కావాల్సింది ఒక ఫ్లాట్ కాదు, ముందు అన్ని ఫ్లాట్ల జాబితా.

కార్డు చూశా, లెటర్ చదివా, నా పేరు మీద ఎంట్రీ వేయించా. లాబీలో కూర్చుని ఇళ్లు రాసుకున్నాడు. మొదటి ప్రశ్నే "కారుందా? పది లక్షలు దాటిందా?" అక్కడే సగంమందికి అనుమానం. తర్వాత మా ఫ్లాట్ కూడా లెక్కలో పడింది. స్కూలు ఫీజు, కరెంటు, పెట్రోలు, మెయింటెనెన్సు, ట్యాంకర్ వాటా అన్నీ అడిగాడు. ఇంకా రెండుసార్లు వస్తాడంట.

ఇప్పుడు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నన్ను ఉతికి ఆరేస్తున్నారు. "మీవల్ల అందరి కార్ల ధరలూ ఎవరికో వెళ్లాయి" అని. మా ఆయన కూడా నీకెందుకే ఈ తలనొప్పి అంటున్నాడు. నిజంగా తప్పు చేశానా?

---

బి_బ్లాక్_సెక్రటరీ | 20 మార్చి 2024

అక్కా, కోపం తెచ్చుకోకండి. నేను మీ అపార్ట్‌మెంట్ కాదు, సర్జాపూర్ రోడ్డు వైపు. రెండేళ్లుగా సెక్రటరీగా చేస్తున్నా. కార్డు చూపించాడని లోపలికి పంపిస్తే రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది మేమే. కార్డు ఎవడైనా ప్రింట్ తీసుకోవచ్చు. పైగా ఎలక్షన్ టైం. పోయిన వారం మా గేటుకి సర్వే అని వచ్చినవాళ్లు చివరికి ఒక పార్టీవాళ్లని తేలింది. మీరు మంచి మనసుతో చేశారు, కానీ పద్ధతి ప్రకారం ముందు మేనేజ్‌మెంట్ కమిటీకి మెయిల్ రావాలి.

---

దోసె_దర్శిని | 20 మార్చి 2024

మా అపార్ట్‌మెంట్‌లో డెలివరీ బాయ్ ఎవడైనా 14వ అంతస్తు దాకా వెళ్తాడు. ప్రభుత్వ మనిషి మాత్రం గేటు దగ్గరే. పాపం అతను ఒక బిర్యానీ కవర్ పట్టుకుని వచ్చుంటే ఈపాటికి సర్వే అయిపోయేది.

---

ఫీల్డ్_బాబాయ్ | 21 మార్చి 2024

అమ్మాయ్, నువ్వు చేసింది తప్పు కాదు. నేను ఇదే పనిలో ముప్పై ఏళ్లు పైన ఉండి రిటైర్ అయ్యా. ఎక్కువ కాలం రాయలసీమ పల్లెలు, చివర్లో బెంగళూరు.

కారు సంగతి ముందు చెబుతా. మీ బ్లాకులో ఇళ్లన్నీ రాసుకున్నాక వాటిని మూడు కుప్పలు చేస్తారు: పది లక్షలు దాటిన కారున్న ఇళ్లు, అంతకు తక్కువ కారున్న ఇళ్లు, కారు లేనివి. ప్రతి కుప్పలోంచీ కొన్ని, మొత్తం కలిపి 18 ఇళ్లు లాటరీ పద్ధతిలో తీస్తారు. ఇలా విడగొట్టకపోతే బాగా ఖర్చుపెట్టే ఇళ్లు జాబితాలో తక్కువ ఉంటాయి కాబట్టి లాటరీలో తగలకుండా పోతాయి. పల్లెల్లో కారు బదులు భూమి అడుగుతారు. అంతేగానీ మీ కారు మీద ఎవరికీ కన్ను లేదు.

2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం మీరు చెప్పింది గణాంకాలకి తప్ప ఇంకో పనికి వాడకూడదు. ఇన్‌కం ట్యాక్స్‌కి పోదు, రేషన్ కార్డు ఆఫీసుకి పోదు. డేటా బయటపెట్టేటప్పుడు పేరు, అడ్రసు తీసేస్తారు. ఓటీపీ అడిగినా, బ్యాంకు కార్డు నంబర్ అడిగినా వాడు మావాడు కాదు, తరిమెయ్యండి.

సెక్రటరీ గారూ, మీ భయం న్యాయమైనదే. కానీ మెయిల్ పెట్టమంటారు, పెడితే చూసేవాళ్లుండరు. చివరి నాలుగేళ్లలో నేను ఎక్కువ సమయం గడిపింది ఇళ్లలో కాదు, సెక్యూరిటీ క్యాబిన్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో. పల్లెలో అయితే ఊళ్లోకి వెళ్లగానే మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లు. ఇక్కడ రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని మర్చిపోతారు.

---

గణితం_గోల | 21 మార్చి 2024

బాబాయ్ చెప్పిందానికి నా వంతు. నేను డేటా పనిలోనే ఉన్నా, కాకపోతే అమ్మకాల డేటా.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అంటాం కదా. శాంపిల్ సర్వే నడిచేది ఆ నమ్మకం మీదే. 2022-23 గృహ వినియోగ సర్వేలో దేశం మొత్తం మీద 2,61,746 ఇళ్లు తీసుకున్నారు. వెయ్యికి పైగా ఇళ్ల తరఫున ఒక్క ఇల్లు మాట్లాడుతుంది. అది చాలు కూడా. కానీ గరిటె గిన్నె అంతా తిరగాలి. పైన ఉడికి, అడుగున మాడి ఉండొచ్చు. బెంగళూరులో గరిటెకి అందనిది అడుగు కాదు, పైన తేలే మీగడ.

మీ ఫ్లాట్ కుదరదు అంటే అదే కుప్పలోంచి ఇంకో ఇల్లు తీసుకుంటారు. కాగితం మీద 18కి 18 పూర్తి. కానీ తలుపు తీసేవాళ్లూ తీయనివాళ్లూ ఒకేలా బతకరు కదా. పగలంతా ఇంట్లో ఉండే పెద్దవాళ్ల ఇల్లు దొరుకుతుంది. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లి, మూడు పూటలా ఆర్డర్ పెట్టుకునే ఇల్లు దొరకదు. శాంపిల్ ఎంత పెంచినా ఈ తేడా పోదు. అదే తప్పు ఇంకా గట్టిగా, ఇంకా నమ్మకంగా చెబుతుంది, అంతే.

---

బి_బ్లాక్_సెక్రటరీ | 22 మార్చి 2024

సరే, ఒప్పుకున్నా. కానీ సూటిగా అడుగుతా, దీనివల్ల నాకేంటి? నేను నెలకి ఎంత పప్పు తింటానో ఢిల్లీలో తెలిసినంత మాత్రాన నా ట్యాంకర్ రేటు తగ్గుతుందా?

---

గణితం_గోల | 22 మార్చి 2024

ట్యాంకర్ రేటు తగ్గదు అన్నా. హోమ్ లోన్ ఉందా మీకు?

ప్రతి నెలా ద్రవ్యోల్బణం ఇంత అని టీవీలో చెబుతారే, ఆ వినియోగ ధరల సూచీలో దేనికెంత బరువు ఇవ్వాలో తేల్చేది ఈ ఖర్చుల సర్వేనే. 2024 మార్చి నాటికి నడుస్తున్న సూచీ 2012 ఆధారంగా ఉంది, బరువులు 2011-12 సర్వేవి. అందులో ఆహారం, పానీయాల వాటా 45.86 శాతం. పన్నెండేళ్ల కిందటి బుట్ట అది. ఆడియో కేసెట్లు కూడా ఉంటాయి దాంట్లో. ఈ ఫిబ్రవరిలో వచ్చిన 2022-23 సర్వే ఫ్యాక్ట్‌షీట్ (ముఖ్య ఫలితాల పట్టిక) చూస్తే, 2011-12తో పోలిస్తే పట్నాల్లో తిండి ఖర్చు వాటా 42.6 నుంచి 39 శాతం చిల్లరకి, పల్లెల్లో దాదాపు 53 నుంచి 46 శాతం చిల్లరకి దిగింది.

రిజర్వ్ బ్యాంకు వడ్డీ తేల్చేది ఆ సూచీని చూసే, 4 శాతం లక్ష్యం పెట్టుకుని. బుట్టలో టమాటా బరువు ఎక్కువుంటే టమాటా రేటు ఎగిరినప్పుడల్లా సూచీ కూడా ఎక్కువ ఎగురుతుంది. మీ ఈఎంఐకీ మా అమ్మ పప్పు డబ్బాకీ సంబంధం అక్కడుంది.

ఇంకోటి. రేషన్ తీసుకోండి. ఆహార భద్రతా చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎంత శాతం జనానికి ఇవ్వాలో తేల్చింది కూడా 2011-12 సర్వేతోనే. మన ఊళ్లలో కార్డు రాని వాళ్లకి ఎవరు చెబుతారు ఆ లెక్క ఎప్పటిదో!

---

అడ్డప్రశ్న | 23 మార్చి 2024

ఇంత బాగా చెబుతున్నారు కదా, 2017-18లో కూడా ఇదే సర్వే చేశారు. జనం తలుపులు తీశారు, గంటలు గంటలు కూర్చుని చెప్పారు. 2019 నవంబర్‌లో ఏం జరిగింది? డేటా నాణ్యత బాగాలేదు, విడుదల చేయం అన్నారు. అంతకుముందు జనవరిలో ఉద్యోగాల సర్వే నివేదిక ఆపారని జాతీయ గణాంక కమిషన్‌లో ఇద్దరు సభ్యులు రాజీనామా చేసి వెళ్లిపోయారు. నచ్చిన అంకె వస్తే పండగ, నచ్చకపోతే అటక మీద పడేస్తారు. నాణ్యత అంటే గేటు దగ్గర సెక్యూరిటీ ఒక్కడే కాదు, పైన కూర్చున్న సెక్యూరిటీ కూడా.

2011-12 తర్వాత 2022-23 దాకా మధ్యలో ఏమీ లేదు. పదకొండేళ్లు పేదరికం గురించి అందరూ ఊహల మీద కొట్టుకున్నారు.

---

ఫీల్డ్_బాబాయ్ | 23 మార్చి 2024

అడ్డప్రశ్న గారూ, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఎండలో తిరిగి రాసింది అటకెక్కితే మాకు మీకంటే ఎక్కువ మండుతుంది.

కానీ డేటా బాగాలేదు అనే మాట ప్రతిసారీ సాకు కాదు. ఒక కథ చెబుతా. 1999-2000, 55వ రౌండ్, అంటే మా జాతీయ శాంపిల్ సర్వే 55వ విడత. నేను అప్పుడు ఫీల్డ్‌లో కొత్తగా సీనియర్‌ని. అప్పటిదాకా తిండి ఖర్చు 30 రోజులది అడిగేవాళ్లం. నెల రోజులు ఎవరికి గుర్తుంటుంది, వారానిది అడుగుదాం అన్నారు కొందరు. అంతకుముందు చిన్న రౌండ్లలో కొన్ని ఇళ్లకి 30 రోజులు, వేరే ఇళ్లకి 7 రోజులు అడిగి చూశారు. వారానిది అడిగిన ఇళ్లలో నెల ఖర్చు చాలా ఎక్కువగా తేలింది. ఆ లెక్కన పేదల సంఖ్య సగానికి పడిపోతుంది. ఒకే దేశం, ఒకే జనం, మారింది ప్రశ్న మాత్రమే.

55వ రౌండ్‌లో రెండు కాలమ్స్ పక్కపక్కనే పెట్టారు, ఒకే ఇంటికి. నేను అడిగేవాణ్ణి: ఈ వారం నూనె ఎంత? అర కేజీ. ఈ నెల? ఆమె నా మొహం చూసి "అర కేజీ చొప్పున నాలుగు వారాలకి రెండు కేజీలు రాసుకో నాయనా" అనేది. అంతే, రెండు జవాబులూ ఒకదాన్ని చూసి ఒకటి తయారయ్యాయి. పేదరికం 36 శాతం నుంచి 26కి దిగిందని అధికారికంగా చెప్పారు. ఎంత నిజంగా దిగింది, ఎంత కాలమ్ వల్ల దిగింది అని ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారు. తర్వాత నోబెల్ తెచ్చుకున్న ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ కూడా దాని మీద కూర్చున్నాడు. తగ్గడం నిజమే, కానీ అంత కాదు అని తేల్చాడు.

ఇప్పుడు కూరగాయలు, పండ్లు, నూనె, గుడ్లు, మాంసం లాంటివి 7 రోజులవి. బియ్యం, పప్పులు 30 రోజులవి. బట్టలు, చదువు, ఫ్రిజ్‌లు, ఆస్పత్రిలో చేరిన ఖర్చు 365 రోజులవి. ఆ రాద్ధాంతం లోంచే వచ్చింది ఈ ఏర్పాటు.

---

మారతహళ్లి_పీజీ_ఓనర్ | 24 మార్చి 2024

నాదొక డౌటు. నెల్లూరు నుంచి వచ్చి పదేళ్లుగా పీజీ నడుపుతున్నా, 64 బెడ్లు. ఇలాంటి సర్వే మనిషి నా దగ్గరికి వచ్చి "మీ కుర్రాళ్లు ఎంతమంది, వాళ్లలో కొందరితో మాట్లాడాలి" అన్నాడు. నేను వంట ఖర్చు అంతా నేనే చెబుతా కదా, ఒక ఫారం నింపుకో అన్నా. కుదరదన్నాడు. ఇదేం లెక్క?

---

ఫీల్డ్_బాబాయ్ | 24 మార్చి 2024

కుటుంబం అంటే మా లెక్కలో ఒకే పొయ్యి మీద వండుకు తింటూ కలిసి ఉండేవాళ్లు. కానీ హాస్టల్‌లో, పీజీలో ఉండేవాళ్లు ఎవరి డబ్బు వాళ్లు కడతారు కాబట్టి ఒక్కొక్కరూ ఒక్కో కుటుంబమే. మీ దగ్గర 64 బెడ్లు నిండితే 64 ఏకసభ్య కుటుంబాలు. అందుకే మీ జవాబు సరిపోదు.

ఈ కుర్రాళ్లే దొరకరు. పగలు ఆఫీసు, రాత్రి ఫోను, శనివారం ఊరు. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ లాంటి చోట్ల వీళ్లు జారిపోతే ఊరి లెక్కే మారిపోతుంది. పైగా కట్టే అద్దెలో భోజనం ఎంత, గది ఎంత అని అడిగితే వాళ్లకీ తెలియదు.

---

మారతహళ్లి_పీజీ_ఓనర్ | 24 మార్చి 2024

నాకూ తెలియదు సార్, నిజం చెప్పాలంటే.

---

రామ్మూర్తినగర్_రాణి | 26 మార్చి 2024

పెద్దిళ్ల గోల అయిపోతే మా వీధి సంగతి వినండి. మాది లోపలి వీధి, అన్నీ చిన్న అద్దె ఇళ్లు, సగం మంది చిత్తూరు, అనంతపురం వాళ్లే. గేటు లేదు, సెక్యూరిటీ లేదు. సర్వే ఆమె నేరుగా వచ్చింది. కానీ ఎవరూ నిజం చెప్పలేదు. ఎందుకంటే గృహలక్ష్మి రెండు వేలు, ఫ్రీ కరెంటు, అదనపు ఐదు కేజీల బియ్యం బదులు తలకి 170 రూపాయలు వస్తున్నాయి. ఖర్చు ఎక్కువ చెబితే అవి ఆపేస్తారని భయం. మా పక్కింటామె వారం వారం కోడి కూర వండుతుంది, వాసన మాకే వస్తుంది. "మాంసమా, పండక్కి తప్ప ఎక్కడమ్మా" అంది! నేను నవ్వు ఆపుకోలేకపోయా.

నేను రెండిళ్లలో వంట చేస్తా. మధ్యాహ్నం తిండి అక్కడే. అది నా ఖర్చులో రాయలేదు ఆమె. మీరు తిన్నది ఆ ఇంటివాళ్ల లెక్కలోకి వెళ్తుంది అంది. అంటే నేను కాగితం మీద తక్కువ తింటానన్నమాట.

---

గణితం_గోల | 26 మార్చి 2024

రాణి గారు చెప్పింది నిజంగా ఉన్న చిక్కే. ఒకే భోజనం రెండిళ్లలో రాకూడదని వండిపెట్టిన ఇంటి ఖాతాలో వేస్తారు. మొత్తం దేశం లెక్క సరిపోతుంది. కానీ పనివాళ్ల ఇల్లు ఉన్నదానికంటే పేదగా, యజమాని ఇల్లు ఉన్నదానికంటే ఎక్కువ తినేదిగా కనబడతాయి.

ఇంకా తమాషా సొంతిళ్లది. నా పక్క ఫ్లాట్ అతను అద్దెకుంటాడు, నెలకి 38 వేలు. అది అతని ఖర్చులో పడుతుంది. నాది సొంత ఫ్లాట్, అదే సైజు. నేను కట్టే ఈఎంఐ అప్పు తీర్చడమే కాబట్టి వినియోగం కాదు. సొంతింటికి అద్దె ఎంత ఉంటుందో అంచనా వేసినా తలసరి ఖర్చులో కలపరు. అంటే సర్వేలో అతను ధనవంతుడు, నేను పొదుపరిని. మా ఆవిడకి చెబితే ఒకటే నవ్వు.

కాబట్టి పట్నం తలసరి నెల ఖర్చు సగటు 6,459, పల్లెది 3,773 అని వింటే వెంటనే పోట్లాటకి దిగకండి. అందులో ఏముంది, ఏం లేదు అనేది ముందు చూడాలి. ఆంధ్ర పల్లెల్లో 4,870, కర్ణాటక పల్లెల్లో 4,397 అని చూసి మా ఆఫీసులో అప్పుడే ఒక యుద్ధం జరిగింది.

---

దోసె_దర్శిని | 26 మార్చి 2024

6,459? అది మా ఇంట్లో కాఫీ పొడికీ, పిల్లల స్నాక్స్‌కీ సరిపోతుంది. ఎవరు వీళ్లంతా?

---

గణితం_గోల | 27 మార్చి 2024

తలసరి అన్నా, ఇంటికి కాదు. నలుగురుంటే పాతిక వేలు దాటుతుంది. పైగా అది దేశంలో పట్నాలన్నిటి సగటు, బెంగళూరుది కాదు. అయినా మీలాంటివాళ్లు ఆ 18 ఇళ్లలో ఎక్కడున్నారు? గేటు వెనకాల!

---

కాడుగోడి_కడపక్క | 16 ఏప్రిల్ 2024

రెండో విడత అయిపోయింది. చెప్పాలి మీకు, భలే జరిగింది.

ఆదివారం వచ్చాడు, ఉగాది అయిన ఐదో రోజు. ఈసారి తిండి సరుకులు. ముప్పై రోజుల్లో బెల్లం ఎంత వాడారు అంటే నాకు నవ్వొచ్చింది. ఉగాది పచ్చడి, బొబ్బట్లు, పూర్ణాలు, కేజీన్నర దాటింది. మామూలు నెలలో అందులో సగం కూడా వాడను. ఇలా రాస్తే తప్పు కదా అన్నా. "పర్లేదు మేడం, సంవత్సరం పొడవునా తిరుగుతాం. ఉగాది మీకు తగిలింది, ఇంకో ఇంటికి ఆషాఢం తగులుతుంది" అన్నాడు. బాగుంది ఆ మాట.

తర్వాత గోంగూర. అతను కన్నడం అబ్బాయి, పుండి సొప్పు అన్నాడు, నాకు అర్థం కాలేదు. ఫోటో చూపించాడు. వారంలో మూడు కట్టలు అన్నా. కట్ట ఎంత బరువు? ఎవరు తూస్తారు గోంగూరని! ఫ్రిజ్‌లో ఒకటి ఉంటే తీసుకొచ్చి, అమ్మాయి కేకులకి వాడే చిన్న త్రాసు మీద పెట్టా. 240 గ్రాములు. నాకు ఊరికే పట్టుదల వచ్చి ఆకు కోసి మళ్లీ తూశా, 110. ఏది రాస్తారు అంటే కొన్న బరువే అన్నాడు. నా చేతికి మాత్రం కట్టలో సగం పైన చెత్తకుండీ పాలని తెలిసింది.

నూనె దగ్గర ఇల్లంతా ఒకటైంది. నేను నెలకి మూడు లీటర్లు అన్నా. అత్తమ్మ లోపల్నుంచి "ఎక్కడే, నాలుగు" అంది. మా ఆయన ఫోన్ తీసి ఆర్డర్లు చూస్తే ఐదు లీటర్ల డబ్బా ఫిబ్రవరి 29న ఒకటి, ఏప్రిల్ 4న ఒకటి. పది నిమిషాల యాప్‌లో అత్తమ్మ విడిగా తెప్పించుకున్న వేరుశనగ నూనె లీటరు ప్యాకెట్లు వేరే. నా జ్ఞాపకం ఎంత నమ్మకమైనదో తేలిపోయింది. ఆ అబ్బాయి ఓపిగ్గా కూర్చుని అడిగాడు: "కొన్నది కాదు మేడం, ఈ ఏడు రోజుల్లో వాడింది." డబ్బా ఎత్తి చూసి అంచనా వేశాం.

ఊరి బియ్యం సంగతి కూడా వచ్చింది. మా అమ్మవాళ్లు కడప నుంచి బస్సులో బస్తా వేస్తారు, దాంతోపాటు ఆవకాయ, వేరుశనగలు. డబ్బులేం ఇవ్వం కదా, రాయొద్దు అన్నా. రాయాలంట. ఇక్కడి రేటు కట్టి. బాబాయ్, నిజమేనా?

---

ఫీల్డ్_బాబాయ్ | 16 ఏప్రిల్ 2024

నిజమే అమ్మాయ్. మీ అమ్మ మీతో ఒకే పొయ్యి కాదు కాబట్టి ఆ బియ్యం మీకు ఊరికే వచ్చింది కిందకి వస్తుంది, స్థానిక చిల్లర ధర కడతారు. అదే బియ్యం మీ అమ్మ తన ఇంట్లో తింటే సొంత పంట కిందకి వస్తుంది, పొలం దగ్గరి ధర కడతారు. ఒకే గింజ, రెండు రేట్లు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు తడబడేది ఇక్కడే.

ఆ త్రాసు పని మాత్రం నాకు బాగా నచ్చింది. మా రోజుల్లో కట్టని చేత్తో ఎత్తి పావు కేజీ ఉంటుందిలే అనుకునేవాళ్లం. రాష్ట్రం మొత్తం మీద గోంగూర పావు కేజీ కట్టే!

ట్యాబ్ వచ్చాక ఒక మేలు జరిగింది. ఎవరైనా పొరపాటున నూనె 5 బదులు 50 కొడితే అక్కడే అడుగుతుంది. మా కాలంలో ఆ తప్పు నెలల తర్వాత ఆఫీసులో ఎవరో చూసేవాళ్లు, అప్పటికి ఆ ఇల్లు ఎక్కడో మర్చిపోయేవాళ్లం.

---

గణితం_గోల | 17 ఏప్రిల్ 2024

ఆ ఆలోచన పాతదే బాబాయ్. ప్రపంచ బ్యాంకు 1980లో జీవన ప్రమాణాల సర్వేల కార్యక్రమం మొదలుపెట్టింది. మొదటి సర్వేలు 1985 ప్రాంతంలో ఐవరీ కోస్ట్‌లో, పెరూలో. ఇళ్లు తక్కువ తీసుకుని, ఫీల్డ్‌లోనే కంప్యూటర్‌లో ఎక్కించి, తేడా కనబడితే రెండో విడత వెళ్లినప్పుడు అదే ఇంట్లో సరిచేసుకునేవాళ్లు. ఎక్కువ ఇళ్లకి వెళ్లడమా, ఉన్న ఇళ్లలో సరిగ్గా అడగడమా అంటే రెండోదానికి ఓటేశారు.

మన దేశపు గణాంకవేత్త మహలనోబిస్ అయితే ఇంకా ముందే ఇంకో ఉపాయం పట్టారు. ఒకే ప్రాంతానికి రెండు వేర్వేరు బృందాలని, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, వేర్వేరు శాంపిల్స్‌తో పంపడం. రెండు అంకెలు దగ్గరగా వస్తే సరే. దూరంగా వస్తే ఎక్కడో ఎవరో పనిలో తేడా చేశారు. ఇప్పటికీ చాలా రాష్ట్రాలు కేంద్రం శాంపిల్‌కి జతగా తమ శాంపిల్ చేస్తాయి. కానీ ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం జరగాల్సినంత జరగదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. చేతిలో ఉన్న అద్దం అది.

---

అడ్డప్రశ్న | 17 ఏప్రిల్ 2024

అద్దం ఉంది, చూసుకునేవాళ్లు కావాలి. 2022-23 సర్వేది కూడా ఈ 2024 ఏప్రిల్ దాకా ఫ్యాక్ట్‌షీట్ ఒక్కటే వచ్చింది. పేర్లు తీసేసి ఇల్లువారీ డేటా బయట పెడితే మీలాంటివాళ్లు వందమంది తవ్వి తప్పు ఎక్కడో చెబుతారు. అది పెట్టేదాకా నేను మెచ్చుకోను. కడపక్క గోంగూర తూచిన పద్ధతి మాత్రం మెచ్చుకుంటున్నా.

---

గణితం_గోల | 17 ఏప్రిల్ 2024

దాంట్లో మీతో వాదించను. ఇల్లువారీ డేటా రావాల్సిందే.

---

బి_బ్లాక్_సెక్రటరీ | 29 ఏప్రిల్ 2024

ఎలక్షన్ అయిపోయింది కాబట్టి ఇప్పుడు ప్రశాంతంగా రాస్తున్నా. మొన్న కమిటీ మీటింగ్‌లో ఈ విషయం పెట్టా. ముగ్గురు వద్దన్నారు, ఇద్దరు సరే అన్నారు. చివరికి ఒప్పుకున్నది ఇది: ప్రభుత్వ సర్వే అని వస్తే కార్డు, లెటర్ ఫోటో తీసుకుని, లెటర్‌లో ఉన్న ఆఫీసుకి మేమే ఫోన్ చేసి కనుక్కుంటాం. నిజమైతే క్లబ్‌హౌస్‌లో టేబుల్, ఫ్యాన్ ఇస్తాం. ఇళ్లకి వెళ్లాలంటే ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే.

కడపక్కా, మీ అసోసియేషన్‌వాళ్లకి కావాలంటే మా నోట్ పంపిస్తా. మా దాకా ఎవరైనా వస్తారో రారో తెలియదు గానీ.

---

ఫీల్డ్_బాబాయ్ | 29 ఏప్రిల్ 2024

టేబుల్, ఫ్యాన్! రిటైర్ అయ్యాక చెబుతున్నారా ఈ మాట.

---

కాడుగోడి_కడపక్క | 18 మే 2024

మూడో విడత దగ్గర చిన్న గొడవ. 12వ తేదీ వస్తా అన్నాడు. నేను అప్పటికే కడపలో ఉన్నా, 13న ఓటు కదా. పాపం వచ్చి చూస్తే మా ఫ్లోర్‌లో నాలుగు తలుపులకి మూడు తాళాలు, అన్నీ మన తెలుగువాళ్లవే. ఫోన్ చేసి "మేడం, ఈరోజు మొత్తం బ్లాకులో ఎవరూ లేరు, ఏమైంది" అని అడిగాడు. మా రాష్ట్రంలో రేపు ఎలక్షన్ బాబూ అంటే "నా లెక్కలో మీరందరూ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారేమో అనుకున్నా" అన్నాడు.

నిన్న మళ్లీ వచ్చాడు. ఈసారి సంవత్సరం ఖర్చులు, బట్టలు, చెప్పులు, ఫ్రిజ్, ఫోన్లు. బిల్లులు ముందే తీసి పెట్టుకున్నా. అత్తమ్మ టిఫిన్ పెట్టింది, వద్దు వద్దు అంటూనే రెండు పెసరట్లు తిన్నాడు. వెళ్తూ వెళ్తూ 302 వాళ్లు ఇంకా తలుపు తీయలేదు, మీకు తెలిసినవాళ్లేనా అని అడిగాడు. తెలుసు. గ్రూపులో నన్ను ఎక్కువ తిట్టింది వాళ్లే. సాయంత్రం ఆమె వాకింగ్‌కి వస్తుంది, నేనూ వెళ్తున్నా.